మూడో తరం ప్రియస్‌లో హెడ్ గ్యాస్కెట్ మార్చాక: రెండు లక్షల మైళ్ళు దాటిన బండిపై సమీక్ష

బండి 2012 మోడల్ టొయోటా ప్రియస్. అమెరికాలో చదువుకునే మనవాళ్ళు చవగ్గా దొరుకుతుందనీ పెట్రోలు కలిసొస్తుందనీ కొనే పాత బళ్ళలో ఇదొకటి. ఇంజన్ 1.8 లీటర్ల 2జెడ్ఆర్-ఎఫ్ఎక్స్ఈ. హెడ్ (సిలిండర్లను మూసే ఇంజన్ పైభాగం) విప్పేనాటికి మీటరు 1,80,000 మైళ్ళు దాటింది, ఇప్పుడు రెండు లక్షలు దాటింది. తీర్పు ముందే చెప్తాను. గ్యాస్కెట్ (హెడ్‌కీ కిందున్న బ్లాక్‌కీ మధ్య లీకు రాకుండా వేసే పలచటి రేకు) గట్టిగా నిలబడింది, కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) తగ్గడం పూర్తిగా ఆగింది. ఆయిల్ తాగడం మాత్రం ఆగలేదు. అది పిస్టన్ రింగుల జబ్బు, గ్యాస్కెట్ మారిస్తే తగ్గేది కాదు. ఇంకోమాట: ఈజీఆర్ (ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) దారులు కడగకుండా గ్యాస్కెట్ ఒక్కటే మార్చి వదిలేసిన బండిని నేనైతే కొనను.

ఈ బండిలో జబ్బు బయటపడే తీరే వేరు. తెల్ల పొగ, ఉష్ణోగ్రత హెచ్చరిక చాలా ఆలస్యంగా వస్తాయి. మొదట కనిపించేది పొద్దున్నే స్టార్ట్ చేసినప్పటి వణుకు. కాసేపు బండంతా దడదడలాడుతుంది, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మెత్తగా నడుస్తుంది. దీన్ని గేర్‌బాక్స్ డాంపర్ అనో, ఇంజన్ మౌంట్లు పోయాయనో అనుకుని డబ్బు తగలేసేవాళ్ళు ఎక్కువ. అసలు జరిగేది ఇది: బండి ఆపాక కూలింగ్ వ్యవస్థలో వేడికి ఒత్తిడి నిలిచి ఉంటుంది. గ్యాస్కెట్ పలచబడిన చోటునుంచి, సాధారణంగా ఒకటి, రెండు సిలిండర్ల మధ్య, కూలెంట్ సన్నగా లోపలికి ఊరుతుంది. తెల్లారేసరికి ప్లగ్ తడిసి మిస్ కొడుతుంది. బండి కంప్యూటర్లో మిస్ కొట్టడాన్ని చెప్పే పి0301, పి0302 కోడ్‌లు (ఒకటి, రెండు సిలిండర్లవి) పడతాయి, ఒక్కోసారి పి0300 కూడా.

మామూలు కారుకీ హైబ్రిడ్‌కీ తేడా ఇక్కడే ఉంది. దీనికి విడిగా స్టార్టర్ ఉండదు. గేర్‌బాక్స్‌లో ఉండే ఎమ్‌జీ1 అనే కరెంటు మోటారు ఇంజన్ని క్షణంలో సుమారు వెయ్యి ఆర్‌పీఎమ్‌కి తిప్పేస్తుంది. సిలిండర్లో కూలెంట్ నిలిచి ఉంటే అది అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడిక గ్యాస్కెట్ ఖర్చుతో పోదు, ఇంజనే మార్చాలి. అందుకే వణుకు మొదలైన బండిని వచ్చే నెల చూద్దాంలే అని తిప్పకండి.

పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది బ్లాక్ టెస్ట్ దగ్గర, అంటే కూలెంట్లో ఇంజన్ మండిన గ్యాస్ ఉందా అని రంగు ద్రవంతో చూసే పరీక్ష. నీలం ద్రవం పసుపు రంగుకి మారలేదు కాబట్టి గ్యాస్కెట్ బాగుందంటారు. తొలి దశలో గ్యాస్ కూలెంట్లోకి రాదు, కూలెంటే సిలిండర్లోకి పోతుంది, కాబట్టి ఆ ఫలితాన్ని నమ్మలేం. నమ్మదగ్గది ఒకటే: ఇంజన్ చల్లబడ్డాక చేతి పంపుతో కూలింగ్ వ్యవస్థని కూలెంట్ మూత మీద రాసి ఉన్న ఒత్తిడికి ఎక్కించి రాత్రంతా వదిలేయడం, పొద్దున ప్లగ్‌లు తీసి బోర్‌స్కోప్‌తో (సన్న గొట్టం కెమెరా) సిలిండర్లోకి చూడటం. మూడు పిస్టన్ల నెత్తిన నల్లటి మసి, ఒకదాని మీద కడిగినట్టు మెరుపు కనిపిస్తే ఇక సందేహం లేదు. కంప్రెషన్ అంకెలు ఈ ఇంజన్‌లో తక్కువగానే వస్తాయి. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకునే అట్కిన్సన్ పద్ధతి అది. అంకె ఎంతన్నది కాదు, నాలుగింటి మధ్య తేడా చూడండి. చలికాలంలో ఆయిల్ మూత కింద తెల్లటి నురగ కనబడితే కంగారు పడొద్దు, చిన్న దూరాలు తిరిగే ప్రియస్‌కి అది మామూలే.

హైబ్రిడ్ ఇంజన్ తనంతట తానే ఆగిపోతుంటుంది, పని చేసేటప్పుడు ఆగకుండా నడవాలంటే మెయింటెనెన్స్ మోడ్ కావాలి. బ్రేక్ తొక్కకుండా పవర్ మీట రెండుసార్లు నొక్కాలి. గేరు పి (పార్క్) లో యాక్సిలరేటర్ పూర్తిగా రెండుసార్లు, బ్రేక్ పట్టుకుని ఎన్ (న్యూట్రల్) లో రెండుసార్లు, మళ్ళీ పి లో రెండుసార్లు తొక్కి, బ్రేక్ మీద స్టార్ట్ చేయాలి. నిమిషంలోపు ఇదంతా అయిపోవాలి.

లీకు ఆపే సీసా మందుల సంగతి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. అవి హీటర్ కోర్‌లోనూ ఎగ్జాస్ట్ వేడిని కూలెంట్‌కి ఎక్కించే గొట్టంలోనూ పేరుకుంటాయి. బండిని ఎవరికో అంటగట్టే ఆలోచన ఉన్నవాళ్ళకే అవి ఉపయోగం.

విప్పే ముందు పవర్ ఆఫ్ చేసి 12 వోల్టుల బ్యాటరీ తీసి, హైబ్రిడ్ బ్యాటరీ దగ్గరి సర్వీస్ ప్లగ్ పీకి జేబులో వేసుకోండి, పది నిమిషాలు ఆగండి. బ్యాటరీది 201.6 వోల్టులే అయినా ఇన్వర్టర్ దాన్ని 650 దాకా పెంచుతుంది, కెపాసిటర్లు ఖాళీ కావాలి. నారింజ రంగు తీగల జోలికి ఇన్సులేటెడ్ గ్లౌజులు లేకుండా పోవద్దు. ఏసీ కంప్రెసర్ కూడా ఆ తీగల మీదే నడుస్తుంది. చిన్న బ్యాటరీ తీశాక వెనక డిక్కీ తలుపు వేయకండి, దాని తాళం కరెంటుదే.

ఇంజన్ కిందికి దించక్కర్లేదు, బండిలోనే హెడ్ వస్తుంది. కుడివైపు మౌంట్ తీసి ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఆపాలి, చైన్ కవర్ రావాలి. హెడ్ బోల్టులు పది, పన్నెండు మూలల బిట్‌తో. బయటినుంచి లోపలికి, నాలుగైదు విడతల్లో వదులు చేయాలి. ఒకేసారి వదిలితే హెడ్ వంకరపోతుంది. హెడ్ తీశాక నాలుగు పిస్టన్లనూ ఒక్కొక్కటిగా పైకి తెచ్చి డెప్త్ గేజ్‌తో కొలవండి. ఒకటి మిగతావాటికన్నా కిందికి ఉంటే రాడ్ వంగినట్టే, అక్కడితో పని ఆపేయండి.

హెడ్ వంకర స్కేలు, ఫీలర్ గేజ్‌తో 0.05 మి.మీ. దాటకూడదు. దాటితే లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించాలి, వీలైనంత తక్కువ తీయమని చెప్పాలి. బ్లాక్ కూడా అల్యూమినియమే. డ్రిల్లుకి రాపిడి బిళ్ళ తగిలించి పాత గ్యాస్కెట్ గీకేవాళ్ళున్నారు. ఆ పొడి ఆయిల్ దారుల్లోకి దిగి బేరింగులు తినేస్తుంది. ప్లాస్టిక్ గీకుడు బద్ద, క్లీనర్, ఓపిక చాలు. బోల్టు రంధ్రాల్లో చుక్క కూలెంట్ కూడా మిగలకూడదు. నీరుంటే టార్క్ రెంచ్ తప్పుడు అంకె చూపిస్తుంది, బ్లాక్ పగిలే ప్రమాదం కూడా ఉంది.

గ్యాస్కెట్ కంపెనీదే వేయండి, బోల్టులు కొత్తవే. గ్యాస్కెట్ మీద లాట్ నంబరు ఉన్న వైపు పైకి. మరలకు పలచగా ఆయిల్ రాసి మధ్యనుంచి బయటికి 49 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు, మళ్ళీ 45 డిగ్రీలు. బోల్టు తల మీద పెయింట్ చుక్క పెడితే లెక్క తప్పదు. క్యామ్‌షాఫ్ట్ హౌసింగ్‌కి సీలెంట్ రాసి మూడు నిమిషాల్లో బిగించాలి. ఇది ఒక్కరి వల్ల కాదు, ఇద్దరుండాలి.

ఇక ఈజీఆర్. ఇంజన్ వెనక ఫైర్‌వాల్ వైపున్న కూలర్ ఊడదీసి చూస్తే సన్నటి గళ్ళు మసితో పూర్తిగా మూసుకుపోయి ఉంటాయి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో సన్న రంధ్రం ఉంటుంది. అన్నీ ఒకేలా మూసుకుపోవు, దాంతో ఒక సిలిండర్ మిగతావాటికన్నా వేడిగా మండుతుంది. గ్యాస్కెట్ పలచబడటానికి మూలం ఇదేనని నా నమ్మకం. కూలర్‌ని వేడి నీళ్ళలో సోడియం పెర్‌కార్బొనేట్ పొడి కలిపి రాత్రంతా నానబెట్టి, నీళ్ళు ధారాళంగా పారేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి. మ్యానిఫోల్డ్ రంధ్రాలకు సన్న బ్రష్షు, తీగ. ఈజీఆర్ వాల్వు మోటారు వైపు తడపొద్దు. ఆ తర్వాత యాభై వేల మైళ్ళకోసారి కడగడం మంచిది.

ఈ పనితోపాటే ఎలక్ట్రిక్ వాటర్ పంపు, థర్మోస్టాట్, ప్లగ్‌లు మార్చేయండి. పాత పంపు పి261బి కోడ్‌తో నడిరోడ్డు మీద ఆగిపోతే కొత్త గ్యాస్కెట్ కూడా పోతుంది. కూలెంట్ గులాబీ రంగుదే. ఇన్వర్టర్‌ది వేరే ట్యాంకు, కలిపేయకండి. కూలెంట్‌లో చిక్కుకున్న గాలి తీయడం విసుగు పుట్టిస్తుంది. హీటర్ ఫుల్లులో పెట్టి మెయింటెనెన్స్ మోడ్‌లో నడపాలి. హీటర్ ఐడిల్‌లో చల్లగా, రేస్ చేస్తే వేడిగా వస్తే గాలి ఇంకా ఉన్నట్టు. వ్యాక్యూమ్ ఫిల్లర్ (ముందే గాలి లాగేసి కూలెంట్ నింపే పరికరం) దొరికితే అదే వాడండి.

వాడకంలో తేలినవి: చవక కిట్‌లో వచ్చిన టాపెట్ కవర్ రబ్బరు త్వరగా గట్టిపడి ఆయిల్ కారింది, కంపెనీది వేశాక ఆగింది. మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పొద్దున వణుకు తిరిగి రాలేదు. ఆయిల్ 0డబ్ల్యూ-20, ఫిల్టర్‌తో కలిపి 4.2 లీటర్లు, ప్రతి వెయ్యి మైళ్ళకూ డిప్‌స్టిక్ చూడాల్సిందే. విప్పకముందే ఆయిల్ వేగంగా తగ్గుతున్న బండైతే హెడ్ మీద ఖర్చు పెట్టకండి, తక్కువ తిరిగిన ఇంజన్ వెతకండి. దాన్ని ఎక్కించే ముందు దాని ఈజీఆర్ కూలర్ కూడా విప్పి కడగాలి.