యూబీటీ, టెంప్లేట్ మిషన్, పాకెట్ సెట్టర్: ఏది మేలు?

గార్మెంట్ యూనిట్‌కి కొత్త మిషన్ కొనేవాళ్లు ముందు అడిగేది నిమిషానికి ఎన్ని కుట్లు పడతాయని. మామూలు లాక్‌స్టిచ్ మిషనే 5,000 దాకా వేస్తుంది. కానీ టైం ఎక్కువగా పోయేది సూది ఆగి ఉన్నప్పుడే. ముక్క తీయాలి, అంచులు కలపాలి, దారం కత్తిరించాలి, పక్కన పెట్టాలి. వీటిలో దేన్ని తగ్గిస్తుందో చూసి మిషన్ ఎంచుకోవాలి.

యూబీటీ అంటే అండర్ బెడ్ ట్రిమ్మర్, అడుగున దారం కత్తిరించే కత్తి ఉన్న లాక్‌స్టిచ్ మిషన్. ఇది దారం తనే కత్తిరిస్తుంది, మొదట్లో, చివర్లో రివర్స్ కుట్టు వేస్తుంది, సూదిని సరైన చోట ఆపుతుంది. స్టైల్ మారినా పెద్దగా మార్చాల్సిందేమీ ఉండదు. దీంట్లో ఉండే, కుట్టేటప్పుడే తిరిగే సర్వో మోటార్‌తో కరెంటూ కలిసొస్తుంది. పాత క్లచ్ మోటార్ పెడల్ నొక్కకపోయినా తిరుగుతూనే ఉంటుంది కదా.

పాకెట్ సెట్టర్ దారి వేరు. జేబు ముక్కా, దాన్ని కుట్టాల్సిన ప్యానెలూ (బట్ట భాగం) పెడితే చాలు, అచ్చుతో అంచులు మడిచి చుట్టూ కుట్టేస్తుంది. ప్రతి జేబూ ఒకేలా వస్తుంది. అయితే జేబు ఆకారం మారితే అచ్చు మార్చాల్సిందే. ఒకే మోడల్ జీన్స్ నెలల తరబడి నడిచే చోట ఇది బంగారం. తరచూ స్టైల్ మారే లైన్‌లో మాత్రం కుట్టే టైం కన్నా సెట్టింగ్ టైం ఎక్కువైపోతుంది.

నాకు ఎక్కువ నచ్చేది టెంప్లేట్ మిషన్. రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య బట్ట బిగిస్తే, షీట్లో కోసిన గాడి వెంట ప్రోగ్రామ్ ప్రకారం సూది నడుస్తుంది. కాలర్, కఫ్, జేబు మూత లాంటివి కొత్త ఆపరేటర్ చేతిలోనూ నీటుగా వస్తాయి. స్టైల్ మారితే కొత్త షీట్ కోసి, ప్రోగ్రామ్ మార్చుకోవాలి, అంతే. అయితే ఒక్క టెంప్లేట్‌తో నడిపితే లాభం ఉండదు. ఒకటి కుడుతుండగా ఆపరేటర్ రెండోదాంట్లో ముక్కలు పెడుతుండాలి. సాగే బట్టతో ఇంకా జాగ్రత్త. లాగి బిగిస్తే బయటికి తీశాక ముడుచుకుపోతుంది.

చిన్న ఆర్డర్లతో నడిచే యూనిట్ ముందు యూబీటీలు పెట్టుకోవాలి, కాలర్, కఫ్ దగ్గర పని పేరుకుపోతుంటే అప్పుడు టెంప్లేట్ మిషన్ తెచ్చుకోవాలి. పాకెట్ సెట్టర్ కొనేముందు డెమోకి మీ బట్టే తీసుకెళ్లండి, అచ్చు మార్చడానికి ఎంతసేపు పడుతుందో పక్కనే నిలబడి చూడండి.