పిల్లి ముద్ద ముట్టకపోతే: సిరంజా, మెడ ట్యూబా?

మెడకి తిండి గొట్టంతో ఉన్న మా పిల్లి జున్నుని చూసిన దగ్గర్నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు. "అంత దూరం వెళ్ళాలా? సిరంజితో పట్టేస్తే సరిపోయేది కదా?" అని. మూడో అంతస్తు ఆవిడ లిఫ్టులో ఆ గొట్టం చూసి "అయ్యో పాపం" అని మొహం తిప్పేసుకుంది. ఒక్కొక్కరికీ చెప్పేసరికి నోరు నొప్పెడుతోంది, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

పిల్లి తిండి మానేసిందంటే చాలావరకు లోపల ఇంకేదో జబ్బు ఉందని అర్థం. పంటి నొప్పో, కిడ్నీయో, క్లోమమో డాక్టరు తేలుస్తారు. నేను చెప్పేది ఆ కారణం తేలేలోపూ, తేలాక కూడా, కడుపులోకి తిండి ఎలా పంపాలన్నదే.

మేం పెళ్ళికని ఊరెళ్ళి ఐదో రోజు హైదరాబాద్ తిరిగొచ్చాం. పక్కింటివాళ్ళు పాపం రోజూ వచ్చి గిన్నె చూశారు. నిండుగానే ఉంది కదా అని వెళ్ళిపోయారు. నిండుగా ఉండటమే గొడవ అని వాళ్ళకి తట్టలేదు. జున్ను మామూలుగా 5.7 కిలోల బొద్దు పిల్లి. గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, పెదాలు నాక్కుంటుంది, మట్టి కప్పుతున్నట్టు గిన్నె పక్కన నేలని రెండుసార్లు గీరి వెళ్ళిపోతుంది. అది పొగరు కాదు, వికారం. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మా అత్తయ్యేమో "లంఖణం పరమౌషధం అన్నారు అమ్మాయ్, రెండ్రోజులు కడుపు మాడితే అదే తింటుంది" అంది. మనకి ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో గానీ పిల్లికి మాత్రం విషమే. తిండి ఆగితే ఒంట్లో కొవ్వంతా కరిగి లివర్‌కి చేరుతుంది. అంత కొవ్వుని పిల్లి లివర్ వాడుకోలేదు, బయటికి పంపనూ లేదు. కొవ్వు అక్కడే పేరుకుపోయి లివర్ పనిచెయ్యడం మానేస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, నాలుగైదు రోజులు చాలు. దీన్నీ ఫ్యాటీ లివర్ అనే అంటారు, కానీ మనకొచ్చే దానికీ దీనికీ సంబంధం లేదు. మనకి చాలావరకు తిని తిని వస్తుంది, దానికి తినక వస్తుంది. పైగా ఒకసారి వచ్చిందా, వికారంతో ఇంకా తినదు, తినకపోతే లివర్ ఇంకా పాడవుతుంది. అందుకే పిల్లి ఒక రోజంతా ముట్టకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యండి, రెండో రోజు దాటనివ్వొద్దు. మగపిల్లి తినకపోవడమే కాక మాటిమాటికీ మూత్రానికి కూర్చుని లేస్తుంటే ఆ రాత్రే పరుగెత్తాలి.

మేం ఆసుపత్రికి చేరేసరికి జున్ను బరువు సరిగ్గా 5 కిలోలు, చెవి లోపలి చర్మం పసుపు. పేరుకి తగ్గ రంగు వచ్చిందని మా ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

ఇక అసలు బేరీజు. ఊరించి పెట్టడం, ఆకలి మందు, సిరంజి, ముక్కు ట్యూబ్, మెడ ట్యూబ్: ఉన్నవి ఇవే. సెలైన్‌ని ఈ వరసలో చేర్చలేదు, ఎందుకంటే అది తిండి కాదు. "ఎక్కిస్తున్నారు కదా, ఇంకేం భయం" అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకున్నా. ఒంట్లో నీటికి సెలైన్ కావాలి, నిజమే. కానీ 5 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎం.ఎల్. ఎక్కిస్తే లోపలికి వెళ్ళేది 5 గ్రాముల చక్కెర, 20 క్యాలరీలు కూడా ఉండవు.

ఊరించడం మొదటి రోజుకి సరే. తిండిని ఒంటి వేడికి తెచ్చి వాసన లేపండి. జలుబుతో ముక్కు మూసుకుపోతే తుడవండి, వాసన తెలియకపోతే పిల్లి తినదు. చికెన్ ఉడకబెట్టిన నీళ్ళు ఇవ్వొచ్చు, అందులో ఉల్లి, వెల్లుల్లి మాత్రం పడకూడదు, అవి పిల్లి రక్తకణాలని దెబ్బతీస్తాయి. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ ముక్క వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది పిల్లిని చంపేస్తుంది. పది రకాల గిన్నెలు చుట్టూ పెట్టి కూర్చోవడం కూడా దండగే, వికారంలో ఉన్న పిల్లికి ఆ వాసనలన్నీ కలిసి ఇంకా తిప్పుతుంది. ముందు వాంతి తగ్గే మందు పడాలి.

ఆకలి మందుల్లో ఎక్కువగా వినిపించేది మిర్టజాపిన్. మనుషులకి డిప్రెషన్‌కి ఇచ్చే మాత్ర. పిల్లుల కోసమే చెవికి రాసే ఆయింట్‌మెంట్‌గా అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. మాకు రాసింది మాత్రం మనుషుల మాత్రలో చిన్న ముక్క. ముక్క పెద్దదైతే రాత్రంతా అరుస్తూ తిరుగుతుంది. రెండోది సైప్రోహెప్టడిన్, మన పిల్లలకి ఆకలి సిరప్‌లలో వాడేదే. ఇంట్లో ఉంది కదా అని ఆ సిరప్ పట్టకండి, మోతాదు వేరు, సీసాలో ఇంకేమేం కలిసున్నాయో తెలియదు. కాస్తో కూస్తో తింటున్న పిల్లికి ఈ మందులు తోడు. అసలే ముట్టని పిల్లికి వీటిమీదే భారం వేసి మూడు రోజులు ఎదురుచూడటం నాకు నచ్చదు. జున్ను విషయంలో మందు పనిచేసిందని చెప్పాలంటే, గిన్నెని రెండుసార్లు నాకింది. అంతే.

ఇక మిగిలినవాటిలో నేను తూచింది ఒక్కదాన్నే: రాత్రి పడుకునే ముందు ఎన్ని ఎం.ఎల్. లోపలికి వెళ్ళాయో చెప్పగలనా? మిగతావన్నీ దాని తర్వాతే.

లెక్క కష్టమేం కాదు. బరువుని 30తో హెచ్చవేసి 70 కలపండి. 5 కిలోల పిల్లికి రోజుకి 220 క్యాలరీలు. జబ్బు పిల్లుల కోసం దొరికే మెత్తటి రికవరీ డబ్బాల్లో గ్రాముకి ఒక క్యాలరీ, ఇంకాస్త పైన ఉంటుంది. అంటే 190 గ్రాములు. 5 ఎం.ఎల్. సిరంజితో 38 సార్లు. మొదటి రోజే అంతా పంపకూడదు. చాన్నాళ్ళు మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి అదో ప్రమాదం. మూడో వంతుతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజుల్లో పూర్తి కొలతకి రావాలి.

ముందు సిరంజే మొదలుపెట్టా. అత్తయ్య ఉత్సాహంగా ముందుకొచ్చింది. "ఇద్దరికి ఉగ్గు పట్టిన చేతులు నావి, దీనికి పట్టలేనా" అని కాళ్ళు చాపుకుని కూర్చుని, జున్నుని వెల్లకిలా పడుకోబెట్టబోయింది. గబుక్కున ఆపాను. ఉగ్గు పట్టే పద్ధతి పిల్లికి పనికిరాదు. తల పైకెత్తితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తువాలు చుట్టి, మామూలుగా కూర్చున్నట్టే కూర్చోబెట్టి, తల నేలకి సమాంతరంగా ఉంచి, కోరపన్ను వెనక సందులోంచి అర ఎం.ఎల్., మహా అయితే ఒకటి. మింగిందా, మళ్ళీ. దగ్గితే ఆపెయ్యాలి.

మొదటి రోజు బాగానే జరిగింది. రెండో రోజు 60 ఎం.ఎల్. పట్టాననుకున్నా. అనుమానమొచ్చి తువాలుని, నా చున్నీని వంటింటి తూకం మీద పెట్టి చూశా. పొడిగా ఉన్నప్పటికంటే 14 గ్రాములు ఎక్కువ! అంటే లోపలికి వెళ్ళింది 46. కావలసినదాంట్లో పావు వంతు. మూడో రోజూ అంతే.

లెక్కని మించి బాధపెట్టింది ఇంకొకటుంది. పూర్వం డబ్బా మూత టప్ మంటే ఇంట్లో ఏ మూలున్నా పరుగెత్తుకొచ్చేది. మూడో రోజు అదే చప్పుడికి వాషింగ్ మెషిన్ వెనక్కి దూరింది. వికారంలో ఉన్నప్పుడు బలవంతంగా నోట్లో పెట్టిన తిండిని పిల్లి పగబడుతుంది. జబ్బు తగ్గాక కూడా ఆ తిండిని ముట్టకపోవచ్చు. ఇద్దరం రోజుకి ఆరుసార్లు కుస్తీ పడుతున్నాం, చేతులనిండా గీతలు. అంతా చేస్తే పావు వంతు.

సిరంజి ఎప్పుడూ తప్పని నేననను. జలుబు చేసి రెండు రోజులు ముట్టని పిల్లికి, నోట్లో పెడితే చక్కగా మింగే పిల్లికి, కొద్దిగా తింటూ కాస్త తరుగు పడుతున్న పిల్లికి సిరంజి మంచిదే. ఖర్చు లేదు, మత్తు లేదు. రెండు మూడు రోజుల్లో తేలే జబ్బయితే నేనూ అదే వాడతా. వారాలు పట్టే జబ్బని డాక్టరు చెప్పాక మాత్రం సిరంజి పట్టుకుని కూర్చోవడం మన మనసు నెమ్మది కోసమే.

ముక్కు ట్యూబ్ మధ్యస్తం. పూర్తి మత్తు అక్కర్లేదు, కానీ సన్నం, పలచటి ద్రవం తప్ప దిగదు, కొద్ది రోజులకే. మత్తు తట్టుకోలేని స్థితిలో ఉన్న పిల్లిని నిలబెట్టడానికి బాగుంటుంది. తుమ్మితే ఊడొచ్చేస్తుంది.

మెడ ట్యూబ్ అనగానే భయం. నాకూ ఏడుపొచ్చింది. లివర్ పాడైన పిల్లికి మత్తేమిటి, మెడకి కన్నమేమిటి అని. ఆ భయంలో సగం న్యాయమే. లివర్ జబ్బులో రక్తం సరిగ్గా గడ్డకట్టదు, అందుకే ముందు ఆ పరీక్ష చేసి, విటమిన్ కె ఇచ్చి, మర్నాడు మత్తిచ్చారు. మెడ ఎడమ పక్క చిన్న గాటు పెట్టి, అన్నవాహికలోకి గొట్టం దింపి, కొస ఎక్కడుందో ఎక్స్‌రేలో చూసి, బయట కుట్టుతో బిగించారు. అరగంట కూడా పట్టలేదు. ఆ సాయంత్రమే మొదటి విడత పంపాం.

ఆ మొదటి విడత నాకు ఇప్పటికీ గుర్తే. జున్ను నా ఒళ్ళో పడుకుని ఉంది. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చచేసిన తిండి, ముందు 5 ఎం.ఎల్. గోరువెచ్చటి నీళ్ళు, తర్వాత 20 ఎం.ఎల్. తిండి నెమ్మదిగా పది నిమిషాలపాటు, చివర మళ్ళీ 10 ఎం.ఎల్. నీళ్ళు. సగంలో చూస్తే నిద్రపోతోంది. నాలుగో రోజుకి విడతకి 45 ఎం.ఎల్. చొప్పున రోజుకి ఐదు విడతలు. పలచన చేసిన నీళ్ళు పోను 220 క్యాలరీల లెక్క రాత్రికల్లా సరిపోతోంది. మాత్రలు కూడా డాక్టరుని అడిగి నూరి అందులోంచే, కాబట్టి మందుల కుస్తీ కూడా పోయింది. వారం తిరిగేసరికి డబ్బా మూత చప్పుడికి వాషింగ్ మెషిన్ వెనక దూరడం మానేసింది. పిల్లిని హింస పెట్టేది ఏదీ అంటే ఇప్పుడు నేను చెప్పే జవాబు లిఫ్టులో ఆవిడకి నచ్చకపోవచ్చు.

తలనొప్పులు లేకపోలేదు. రికవరీ డబ్బా అయిపోయిందని ఒక ఆదివారం రాత్రి పొడి క్యాట్‌ఫుడ్ గింజలు నానబెట్టి మిక్సీలో వేసి, వడకట్టకుండా పంపా. గొట్టం బిగుసుకుపోయింది. గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా నెడుతూ లాగుతూ గంటన్నర పట్టింది వదలడానికి. ఆ మర్నాడు కొన్న టీ వడగట్టు ఇప్పటికీ దానికే వాడుతున్నా. కుట్టు దగ్గర ఒకసారి చీము పట్టి యాంటీబయాటిక్ వాడాం. గట్టిగా వాంతి చేసుకుంటే గొట్టం నోట్లోంచి బయటికి రావచ్చు. అలా వస్తే కొరికేయకుండా చూసి, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఖర్చు కూడా మత్తు, ఎక్స్‌రే, పరీక్షలు కలిపి వేలల్లో మాట. ట్యూబ్ వేసేవాళ్ళు అన్ని ఊళ్ళలో దొరకరు. దగ్గర్లో లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో కనుక్కోండి. ఇక బాగా ముసలిదై, తగ్గని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్న పిల్లికి ట్యూబ్ వెయ్యాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, అది ఈ లెక్కలకి లొంగదు.

ట్యూబ్ ఉన్నా నోటితో తినొచ్చు, అందుకని రోజూ విడతకి ముందు గిన్నె చూపించి, ముట్టకపోతే తీసేసేవాళ్ళం. ఇరవై నాలుగో రోజు పొద్దున సింకు దగ్గర చేప కడుగుతున్నా. కాళ్ళ దగ్గర ఏదో గరగరలాడింది. మెడకి గుడ్డ కట్టుతో, ఆ గొట్టంతోనే, జున్ను చేపల కవరు లాగుతోంది. చిన్న ముక్క ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెడితే వంగి తినేసింది. అయినా ట్యూబ్ వెంటనే తీయించలేదు. సొంతంగా తింటూ వారం పైన బరువు నిలిచాక, ఐదో వారంలో కుట్టు కత్తిరించి లాగేశారు. కుట్లేం వెయ్యలేదు, కన్నం దానంతటదే పూడింది. అక్కడ బొచ్చు మాత్రం ఇంకా పొట్టిగానే ఉంది. అత్తయ్య గోకుతుంటే మెడ చాపుతుంది.