ఘాట్లెక్కే పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్: పెట్టె మార్చడమా, స్టాండర్డ్ రీబిల్డా, పవర్ కిట్టా? ఏది మేలు?

మా బావ బండి కిందటి వేసవిలో సుంకి ఘాట్ మీద మూడో గేరు పట్టడం మానేసింది. సాలూరులో పెళ్లి చూసుకుని, ఏడుగురం, టాపు మీద సామానుతో ఒడిశాలోని మా జైపూర్ తిరిగి వస్తున్నాం. ఆక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజన్ రేస్ అవుతోంది, బండి మాత్రం ముందుకు లాగడం లేదు. పక్కకు తీసి ఆపితే కింద నుంచి మాడిన వాసన. లీవర్‌ని ఎల్‌లో, రెండులో పెట్టుకుంటూ మెల్లగా పొట్టంగి చేరాం. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ. సెకండ్ హ్యాండ్ పెట్టె తెచ్చి బిగించాలా? ఉన్నదాన్నే విప్పి కొత్త ప్లేట్లు వేయించాలా, అంటే స్టాండర్డ్ రీబిల్డ్ చేయించాలా? ఎలాగూ విప్పుతున్నాం కదా అని పవర్ కిట్ (పెట్టె బలం పెంచడానికి వేసే అదనపు భాగాల సెట్టు) కూడా ఎక్కించాలా?

అది ఐసిన్ ఏ340 రకం, నాలుగు గేర్ల పెట్టె. 1980లలో వచ్చిన డిజైను. టొయోటా సుప్రాలోనూ ఈ కుటుంబమే, జీప్ చెరోకీలో ఏడబ్ల్యూ4 పేరుతో ఉన్నదీ ఇదే. చాలా గట్టి పెట్టె. మాది మాడిపోయిందంటే తప్పు మాదే. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకుండా ఘాట్లెక్కించాం.

పెట్టె అడుగున ఆయిల్ నిలిచే పాన్ దించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ టీ డికాక్షన్‌లా కారింది. పాన్ అడుగున అయస్కాంతాలకు బూడిద రంగు గుజ్జు అంటుకుని ఉంది. అది కొద్దిగా ఉండడం మామూలే. కానీ మేస్త్రి గారు ఆ గుజ్జును వేళ్ల మధ్య నలిపితే నల్లటి పొరలు తేలాయి. అవి క్లచ్ ప్లేట్ల లైనింగు. "రివర్స్‌లో కూడా జారుతోందా?" అని అడిగారు. జారుతోంది. ఈ పెట్టెలో మూడో గేరుకీ రివర్స్‌కీ పట్టు ఇచ్చేది ఒకే డైరెక్ట్ క్లచ్. అంటే విప్పకముందే ఎక్కడ మాడిందో తెలిసిపోయింది. మీ బండి జారుతుంటే మీరు కూడా ముందు ఏ గేర్లలో జారుతోందో రాసుకుని వెళ్లండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

సెకండ్ హ్యాండ్ పెట్టె సంగతి తొందరగా తేల్చేస్తాను. పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఆశ పుడుతుంది. కానీ దాని లోపల ప్లేట్లు ఎంత మిగిలాయో అమ్మేవాడికీ తెలియదు, మనకీ తెలియదు. అది కూడా జారితే దించడం, ఎక్కించడం కూలీ రెండోసారి కట్టాలి. కేసింగ్ పగిలితేనో, లోపల గేర్ల సెట్టు విరిగితేనో తప్ప నేను ఆ దారి చెప్పను. మాన్యువల్‌కి మార్చేయమన్నవాళ్లూ ఉన్నారు. మా అక్క కూడా ఆ బండే నడుపుతుంది, మోకాలి నొప్పితో ఉంది. అందుకని ఆ మాట ఎత్తనివ్వలేదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

సాలూరు నుంచి కోరాపుట్ చేరేలోపు 700 మీటర్లకు పైగా ఎక్కుతాం. ఆ ఎక్కుడులో ఆటోమేటిక్ పెట్టెకు శత్రువు వేడి. ఆయిల్ 80, 90 డిగ్రీల దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది. 115 దాటితే ఆయిల్ చెడి లోపలి భాగాలకు జిగురు పొర పట్టడం మొదలవుతుంది, ఇంకా పెరిగితే సీళ్లు గట్టిపడతాయి, 150 దగ్గర ప్లేట్లే మాడతాయి. 80 దాటాక ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ పని చేసేవాళ్లు ఒక లెక్క చెబుతారు. ఆ వేడి ఎక్కువగా పుట్టేది టార్క్ కన్వర్టర్‌లో, అంటే ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా పెట్టెకు అందించే భాగంలో. ఇంజన్ తిరుగుతూ చక్రాలు అంత వేగంగా తిరగనప్పుడు, ఆ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది.

ఇప్పుడు పవర్ కిట్ చూడండి. అందులో అందరూ మొదట అడిగేది హై స్టాల్ కన్వర్టర్. ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎంకి వెళ్లేదాకా అది జారనిస్తుంది. పెట్రోలు ఇంజన్‌తో డ్రాగ్ రేసుకు దిగేవాళ్లకు అది అవసరమే. మాది డీజిల్, తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ ఉంటుంది. దానికి ఇది బిగిస్తే హెయిర్‌పిన్ మలుపుల్లో నెమ్మదిగా ఎక్కుతున్నంతసేపూ వేడి పెంచుకోవడమే. దీన్ని మొదటే కొట్టేశాను.

రెండోది డ్రమ్ములో, అంటే క్లచ్ ప్లేట్లు కూర్చునే గుండ్రటి డబ్బాలో, అదనపు క్లచ్ ప్లేటు. వినడానికి బాగుంటుంది, పట్టు పెరుగుతుంది కూడా. కానీ డ్రమ్ములో చోటు అంతే కదా. ఇంకో ప్లేటు పట్టాలంటే మధ్యలో ఉండే స్టీల్ ప్లేట్లు పలుచనివి వేయాలి. గేరు మారేటప్పుడు పుట్టే వేడిని పీల్చుకునేది ఆ స్టీల్ ప్లేట్లే. పలుచబడితే తొందరగా కాలి నీలం రంగు తిరుగుతాయి. ఇంజన్ పవర్ పెంచినవాళ్లకు అయితే సరే. మాలాగ కంపెనీ పవర్‌తోనే బరువు మోసుకుని ఎక్కేవాళ్లకు కంపెనీ మందం ప్లేట్లే మేలు.

మూడోది వాల్వ్ బాడీ (ఏ క్లచ్‌కు ఆయిల్ పంపాలో నడిపించే భాగం) షిఫ్ట్ కిట్. ఇది మాత్రం నాకు నచ్చింది. స్ప్రింగులు, ఆయిల్ రంధ్రాలు మార్చి గేరు మారే సమయాన్ని తగ్గిస్తుంది. ప్లేటు జారే క్షణం తగ్గితే మాడే క్షణం కూడా తగ్గినట్టే. అయితే బాగా కటువైన సెట్టింగు పెట్టిస్తే ప్రతి గేరుకూ బండి కుదుపు ఇస్తుంది, ఆ దెబ్బ ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల దాకా పోతుంది. మెత్తటి సెట్టింగు చాలు. థ్రాటిల్ కేబుల్ ఉన్న పెట్టె అయితే కిట్ కొనేముందు ఆ కేబుల్ సరిచేయించండి. వదులుగా ఉంటే లోపల ప్రెషర్ పడిపోయి కొత్త ప్లేట్లు కూడా మాడతాయి. ఆ సర్దుబాటుకు పైసా ఖర్చు లేదు.

కాబట్టి నా ఓటు స్టాండర్డ్ రీబిల్డ్‌కి, దానితో పాటు మెత్తటి షిఫ్ట్ కిట్‌కి, విడిగా ఒక ఆయిల్ కూలర్‌కి. కూలర్ విషయంలో నేను రాజీ పడను. రేడియేటర్ అడుగున ఉండే కూలర్ దాటి వచ్చే పైపులో దాన్ని కలిపి, గాలి తగిలేలా ముందు బిగించాలి. పాత రేడియేటర్ లోపల లీకై నీళ్లు ఆయిల్‌లో కలిస్తే ప్లేట్ల లైనింగు జిగురు ఊడిపోతుంది, అందుకే దాన్నీ ప్రెషర్ పెట్టి చూపించాం. పాత పైపులు శుభ్రంగా ఫ్లష్ చేయించాం. కన్వర్టర్‌ను విశాఖ పంపి కోయించి, కడిగించి, మళ్లీ వెల్డింగ్ చేయించి తెప్పించాం. మాడిన పొడి అందులో ఉండిపోతే కొత్త పెట్టెలోకే వస్తుంది.

ప్లేట్లు బిగించే ముందు రాత్రంతా ఏటీఎఫ్‌లో, అంటే ఆటోమేటిక్ పెట్టె ఆయిల్‌లో, నానాయి. మర్నాడు మేస్త్రి గారు డ్రమ్ములో ఫీలర్ గేజ్ పెట్టి సందు కొలిచారు, తర్వాత గాలి పైపు పెట్టి ఒక్కో క్లచ్‌నూ కొట్టి చూశారు. "టప్" మని గట్టిగా శబ్దం రావాలి. ఒకటి మెత్తగా "బుస్" మంది. సీలు అంచు మడత పడింది. మళ్లీ విప్పి కొత్త సీలు వేశారు. మీ బండికి చేయిస్తుంటే ఆ గాలి పరీక్ష జరిగేటప్పుడు మీరు అక్కడే నిలబడి వినండి.

1000 కిలోమీటర్లు తిరిగాక పాన్ మళ్లీ దించాం. అయస్కాంతం మీద పలుచని బూడిద పొర తప్ప ఇంకేమీ లేదు, ఆయిల్ ఎర్రగానే ఉంది. ఈసారి సుంకి ఎక్కేటప్పుడు పక్కన అక్క కూర్చుంది, బావ టెంపరేచర్ మీటరు చూస్తూ నడిపాడు.