ఎమ్‌సీఆర్ చెప్పులు: ఏ నొప్పికి పనికొస్తాయి, దేనికి చాలవు

మందుల షాపుల్లో 'షుగర్ చెప్పులు' అని అడిగితే చాలాచోట్ల ఇవే చేతికిస్తారు. పాదం ఆనేచోట నల్లటి మెత్తని మైక్రో సెల్యులార్ రబ్బరు (ఎమ్‌సీఆర్ అంటే ఇదే), కింద గట్టి సోలు, పైన వెల్‌క్రో పట్టీలు. స్పర్శ పోయిన కుష్ఠు రోగుల పాదాలకు పుండ్లు పడకుండా తమిళనాడులోని వెల్లూరు, కరిగిరి ఆసుపత్రుల్లో ఈ రబ్బరు వాడారు. మధుమేహం ఉన్నవాళ్లకు, మడమ నొప్పి వాళ్లకు కూడా ఇప్పుడు ఇవే రాస్తున్నారు.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు, నాలుగడుగులు నడిచాక కాస్త సర్దుకోవడం, సాయంత్రానికి మళ్లీ మొదలు: ఇలాంటి నొప్పికి ఇవి బాగా పనికొస్తాయి. అయితే చాలామంది వీటిని బజారుకి తొడుక్కుని, ఇంట్లో గ్రానైటు మీద ఉత్తకాళ్లతో గంటలకొద్దీ వంట చేస్తారు. అలాగైతే కొన్నా కొననట్టే. గుమ్మం దాటని జత ఒకటి విడిగా ఉండాలి. నలభై అయిదు, యాభై దాటాక మడమ కింది కొవ్వు మెత్త పలచబడుతుంది కాబట్టి ఆ వయసులో ఇది మరీ అవసరం. చెప్పులతోపాటు పిక్క సాగదీయడమూ ఉండాలి: గోడకు చేతులానించి, వెనక కాలు మోకాలు వంచకుండా, మడమ నేలకానించి 30 సెకన్లు, కాలికి మూడుసార్లు, రోజుకు రెండు పూటలా.

చీలమండ లోపలి వైపు నొప్పి, వాపు ఉండి, ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తలేకపోతే సంగతి వేరు. పాదం వంపును నిలబెట్టే స్నాయువు దెబ్బతిని ఉండొచ్చు. చదునుగా ఉండే మామూలు ఎమ్‌సీఆర్ అక్కడ చాలదు, వంపుకి ఆసరా ఇచ్చే ఇన్‌సోల్ కావాలి. డాక్టరుకి చూపించకుండా చెప్పులు మార్చుకుంటూ పోతే పాదం ఇంకా చదునవుతుంది.

గర్భిణులకు పాదాలు వాస్తాయి కాబట్టి, తొడిగేసుకునే రకం కాకుండా మూడుచోట్ల పట్టీ వదులు చేసుకునే రకం తీసుకోవాలి. కాన్పయ్యాక కూడా కొందరికి పాదం పాత సైజుకి రాదు. ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బి తలనొప్పి వస్తే మాత్రం అది చెప్పుల సమస్య కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, పొద్దుటికంటే పాదం అప్పుడు కాస్త పెద్దగా ఉంటుంది. పొడవైన వేలి ముందు సెంటీమీటరు ఖాళీ ఉండాలి (అందరికీ బొటనవేలే పొడవు కాదు). మెట్టెలు ఉంటే వాటితోనే తొడుక్కుని చూడండి. పట్టీ మెట్టెను నొక్కితే వేళ్ల మధ్య ఒరుస్తుంది. కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు మెట్టెలు తీసేయడమే మేలు, వెనక పట్టీ ఉన్నవే కొనాలి. పట్టీ లేకపోతే చెప్పు జారిపోయినా తెలియదు.

ఎమ్‌సీఆర్ పేరుతో తేలికపాటి ఫోమ్ అంటగట్టే కొట్లూ ఉన్నాయి. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే మంచి రబ్బరు వెంటనే లేస్తుంది.

వీటి అసలు లోపం మన్నిక. రోజూ వాడితే మడమ దగ్గర రబ్బరు అణిగిపోతుంది, పైకి కొత్తగానే కనిపిస్తుంది. తడిస్తే జిగురు ఊడుతుంది కనుక బాత్రూములోకి వద్దు. సోలు బాగుంటే చెప్పులు కుట్టేవాళ్లచేత కొత్త రబ్బరు షీటు వేయించుకోవచ్చు. జిగురుతోనే అంటించమనండి, మేకులు కొట్టనివ్వొద్దు. రబ్బరు అణిగేకొద్దీ మేకు మొన పైకి తేలుతుంది.