విజయవాడ-గుంటూరు బస్సు: కూర్చున్నవాళ్ల ఒళ్లో నిలబడ్డవాళ్ల సంచి

ఉద్యోగం బెజవాడలో, ఇల్లు గుంటూరులో. ఏళ్ల తరబడి ఈ రెండింటి మధ్య బస్సులో తిరుగుతున్న మనిషిగా రాస్తున్నాను. సుమారు 35 కిలోమీటర్ల దారి, వారధి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, పెదకాకాని అందరికీ తెలిసినవే. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం గురించీ కొత్తగా చెప్పేదేం లేదు. నాన్‌స్టాప్‌ల జోలికి పోను. నిలబడి ప్రయాణం చేసే పల్లెవెలుగులు, ఎక్స్‌ప్రెస్సుల సంగతే చెబుతాను, అందులోనూ ఒకే ఒక్క అలవాటు గురించి.

సంచితో నిలబడితే చాలు, కూర్చున్నావిడ చెయ్యి చాచి "ఇలా ఇవ్వమ్మా, ఒళ్లో పెట్టుకుంటా" అంటుంది. ముక్కూ మొహం తెలియకపోయినా సరే. టిఫిన్ క్యారేజీ, కూరగాయలు, చంటిపిల్ల, ఏదైనా తీసుకుంటుంది. మనకి రెండు చేతులూ ఖాళీ అయి, పైన రాడ్డు గట్టిగా పట్టుకోవచ్చు. టోల్‌గేటు ముందు డ్రైవరు బ్రేకు వేసినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఈ అలవాటంటే నాకు ప్రాణం.

మా అమ్మకి నడుము నొప్పి ఎక్కువై బెజవాడలో ఎమ్మారై తీయించాం. అమ్మని అన్నయ్య కార్లో పంపేశాను. ఫిల్ములు సాయంత్రానికి గానీ చేతికి రాలేదు. వాటిని తీసుకుని బస్టాండుకి వచ్చేసరికి జోరున వాన. ఆ పెద్ద కవరు మడవకూడదు, తడవకూడదు. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. కవరుని ఛాతీకి హత్తుకుని ఒంటిచేత్తో రాడ్డు పట్టుకున్నాను. రెండో సీటులో ఉన్న పెద్దావిడ చూసి, "ఎక్సరేలా? ఇటివ్వు తల్లీ, నలిగిపోతాయి" అని తీసుకుని, ఒళ్లో నిలువుగా పెట్టుకుంది. వారధి దాటేలోపు జనం తోసుకుంటూ నన్ను వెనక్కి, మగవాళ్ల సీట్ల దాకా నెట్టేశారు. మంగళగిరిలో ఆవిడ దిగుతూ ఏదో కేకేసింది. వానకి, గోలకి నాకు ఒక్క ముక్క వినపడలేదు. ముందుకు పోదామంటే దారి లేదు.

చినకాకాని దాటింది, కాజ దాటింది. నంబూరు దగ్గర యూనివర్సిటీ పిల్లలు ఇంకొంతమంది ఎక్కారు. నా గుండెల్లో దడ. పొద్దున్నే డాక్టరు చూస్తానన్నది ఆ ఫిల్ములే. పెదకాకానిలో కాస్త జనం దిగగానే ముందునుంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది: "ఎక్సరేలు ఎవరివండీ? ఆకుపచ్చ చుడీదారు అక్క అన్నారు!" ఆకుపచ్చ చుడీదారు నేనే. పెద్దావిడ దిగుతూ పక్కావిడకి, ఆవిడ దిగుతూ ఈ అమ్మాయికి అప్పగించారట. చేతులు మారిన ప్రతిసారీ నా గుర్తు కూడా చెప్పుకుంటూ వచ్చారు. కిటికీ రబ్బరు ఊడి జల్లు కొడుతుంటే ఆ అమ్మాయి తన చున్నీ కవరు చుట్టూ చుట్టి, తను తడుస్తూ కూర్చుంది. ఫిల్ముల మీద ఒక్క మడత లేదు. థాంక్స్ చెబితే "అందరం పట్టుకున్నాంలే అక్కా" అంది.

అప్పట్నుంచి ఈ బస్సు గురించి ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్పాలి.

సంచి అడిగే ముందు చూపు దాని మీద పడుతుంది. అది శుభ్రంగా ఉంటేనే చెయ్యి చాస్తారు. తాపీ, గమేళా గోనెసంచిలో వేసుకుని మంగళగిరిలో ఎక్కే కూలీని "ఇటివ్వు బాబాయ్" అన్నవాళ్లని నేను చాలా అరుదుగా చూశాను. ఆ సంచి ఆయన కాళ్ల మధ్యే ఉంటుంది. పైగా "అడ్డం తియ్" అని గదమాయింపు. రోజంతా గోడ కట్టి వచ్చిన మనిషితో ఆ మాట అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. నాకూ నెలకి బాగానే మిగులుతోంది. కానీ దాంతోపాటు కొత్త మాటొకటి పుట్టింది: "ఊరికే వచ్చేవాళ్లకి సీటెందుకు?" స్త్రీలకు అని రాసి ఉన్న సీట్లో కూర్చుని, ఏడో నెల కడుపుతో నిలబడ్డ పిల్లని ఒకాయన అలా అనడం నేను విన్నాను. టికెట్టు కొన్నంత మాత్రాన ఆ పిల్లని నిలబెట్టే హక్కు ఆయనకి రాదు. ఆయన లేవలేదు. వెనకనుంచి ఒక కుర్రాడు లేచి సీటిచ్చాడు.

వీపుకి బ్యాగు తగిలించుకుని ఫోన్లో మునిగిపోయేవాళ్లూ ఎక్కువయ్యారు. లాప్‌టాప్ ఉంది కాబట్టి ఇంకొకరికి ఇవ్వాలంటే భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అలాంటప్పుడు దాన్ని వీపు మీంచి తీసి ముందుకు వేసుకుంటే వెనకవాళ్ల మొహానికి తగలదు. స్పీకరు పెట్టి రీల్స్ చూసేవాళ్లని మాత్రం క్షమించలేను.

ఈ బస్సు ఎక్కొచ్చా అంటే, నాకైతే సరిపోయింది. నేను బస్టాండులోనే ఎక్కుతాను, చివరి దాకా వెళతాను, ఆడవాళ్ల వైపు నిలబడతాను. మధ్యలో ఎక్కి వెనక వేలాడే మగవాళ్లకి ఇదే అనుభవం ఉంటుందని చెప్పలేను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సాయంత్రం రద్దీ తగ్గాక బయల్దేరడం మంచిది. ఆస్పత్రి కవర్లు తెచ్చేవాళ్లు మాత్రం పైన పెద్దక్షరాలతో పేరూ, దిగే ఊరూ రాసి ఇవ్వండి. చేతులు మారినా తేలిగ్గా తిరిగొస్తాయి.