కొరియా నోట్స్: తేదీలు బాగున్నాయి, లెక్కలే తప్పాయి

రాజమండ్రి, కాకినాడ జెరాక్స్ షాపుల్లో గ్రూప్-1 రాసేవాళ్ల కోసం ఈ మధ్య దక్షిణ కొరియా మీద ఒక నోట్స్ తిరుగుతోంది. ఏ కోచింగ్ వాళ్లదో ఇక్కడ అనవసరం. 64 పేజీలు, స్పైరల్ బైండింగ్, 120 రూపాయలు. కొనుక్కోవచ్చు, కాకపోతే చదివేటప్పుడు చేతిలో ఎర్ర పెన్ను ఉండాలి.

తేదీల్లో వంక పెట్టడానికి లేదు. 2024 డిసెంబరు 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటన, 14న అభిశంసన, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం 8-0తో పదవి పీకేయడం, జూన్ 3న ఎన్నిక, లీ జే మ్యూంగ్ గెలుపు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. పదవి ఖాళీ అయితే 60 రోజుల్లో ఎన్నిక జరగాలన్న నిబంధన కూడా పక్కనే వేశారు. ఏప్రిల్ 4 నుంచి లెక్కేస్తే జూన్ 3 సరిగ్గా అరవయ్యో రోజు.

అసలు తంటా 17వ పేజీలో. మార్షల్ లా ఎత్తేయాలంటే పార్లమెంటు సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది, అంటే 200 మంది కావాలని రాసేశారు. తప్పండి. కొరియా రాజ్యాంగం ఆర్టికల్ 77 ప్రకారం 300 మంది సభలో 151 చాలు. సభ అడిగాక అధ్యక్షుడు ఎత్తేసి తీరాలి. ఆ రాత్రి కొందరు గోడ దూకి మరీ సభలోకి చేరారు. మొత్తం లెక్కకొచ్చింది 190 మంది. పాలకపక్షం వాళ్లు 18 మందితో సహా అందరూ ఎత్తేయమనే ఓటేశారు. నోట్స్‌లో చెప్పిందే రూలైతే ఆ 190 ఎందుకూ కొరగాకపోను!

200 అన్నది అధ్యక్షుడి అభిశంసన లెక్క. డిసెంబరు 7న మొదటి ప్రయత్నానికి పాలకపక్షం దాదాపు అంతా బయటికి నడిచింది. ఓటేసినవాళ్లు 195 మందే కావడంతో ఓట్లు లెక్కపెట్టకుండానే చెల్లదన్నారు. నోట్స్‌లో మాత్రం ఈ 195ని ‘అనుకూల ఓట్లు’ అని వేశారు. వారం తర్వాత అనుకూలంగా పడినవి 204. తాత్కాలిక అధ్యక్షుడు హన్ డక్ సూ అభిశంసనకు 151 చాలా, 200 కావాలా అన్న పేచీ అసలు ప్రస్తావనకే రాలేదు. 151 చాలని కోర్టు తేల్చింది, అయినా ఆయన్ను తిరిగి కుర్చీలో కూర్చోబెట్టింది. మెయిన్స్‌లో మార్కులు రాబట్టే పాయింటు ఇదే.

పేర్లతో ఇంకో తిప్పలు. కొరియాలో ఇంటిపేరు మన పద్ధతిలోనే ముందొస్తుంది. ఇంగ్లిష్ అలవాటులో పడి చివరి ముక్కను ఇంటిపేరు చేసేసి, ఇండెక్సులో లీని ‘మ’ కింద పెట్టారు.

జననాల రేటును 0.72 శాతం అన్నారు. అది శాతం కాదు, ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 2023ది. 2024లో 0.75కి పెరిగింది, ఆ మాట లేదు.

విదేశాంగం అధ్యాయం మాత్రం డబ్బులకు న్యాయం చేసింది. అమెరికా వారి థాడ్ క్షిపణి రక్షణ వ్యవస్థకు కొరియా కంపెనీ లోట్టే తన గోల్ఫ్ కోర్సు స్థలం ఇవ్వడం, ఆ కోపంతో చైనా లోట్టే దుకాణాలను మూయించడం, రక్షణకు అమెరికా, వ్యాపారానికి చైనా అన్న ఇరకాటం చక్కగా విడమరిచారు. యుద్ధం వస్తే సేనల అదుపు ఇప్పటికీ అమెరికా జనరల్ చేతిలోనే ఉంటుందన్నది మీరే మార్జిన్‌లో రాసుకోండి. 1994లో కొరియాకు తిరిగొచ్చింది శాంతికాలపు అదుపు ఒక్కటే.

భారత్ భాగం ఒకటిన్నర పేజీ. 2010 సెపా (వాణిజ్య, ఆర్థిక భాగస్వామ్య) ఒప్పందం, 2015 ప్రత్యేక వ్యూహాత్మక భాగస్వామ్యం, అంతే. కొరియా యుద్ధఖైదీల అప్పగింత కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించడం, ఆ యుద్ధంలో మన సైనిక వైద్య దళం 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ సేవలు, మన పెనుకొండ కియా ఫ్యాక్టరీ, ఒక్కటీ లేవు. అమెరికా సుంకాలతో రొయ్యల రైతు వేరే మార్కెట్ల వంక చూస్తున్న రోజుల్లో గోదావరి జిల్లాల్లో అమ్మే పుస్తకంలో సెపాకు నాలుగు లైన్లేనా?

కొనేముందు 41వ పేజీ తిప్పి చూడండి. కాపీకి కాపీ తీసిన ప్రతుల్లో మ్యాప్ మసిబారి, 38వ అక్షాంశం, 1953 కాల్పుల విరమణ రేఖ ఒకే గీతలా కనిపిస్తాయి. ఆ రెండూ వేర్వేరు. గీతలు విడివిడిగా కనిపించే ప్రతి దొరికితేనే డబ్బులివ్వండి.