మాతృదేవోభవ, ఆకాశదూత్: ఒక్కటే చూడాలంటే ఏది?

టీవీలో ‘మాతృదేవోభవ’ వస్తోందంటే మా అమ్మ చిక్కుడుకాయల బుట్ట ముందేసుకుని కూర్చుంటుంది. ఈనెలు తీస్తూ చూస్తే ఏడుపు రాదని ఆవిడ లెక్క. ‘రాలిపోయే పువ్వా’ మొదలయ్యేసరికి చేతులు ఆగిపోతాయి. తీసిన కాయలు, తీయని కాయలు కలిసిపోతాయి. ఆ రోజు కూరలో పీచు పంటికి తగులుతుంది.

ఈమధ్య దాని మాతృక, మలయాళం ‘ఆకాశదూత్’ కూడా చూపించాను. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే వాదన.

రెండూ 1993లో వచ్చినవే. రెండింట్లోనూ తల్లి మన హైదరాబాద్ మాధవే. కథా ఒకటే. భర్త హత్యకు గురవుతాడు. నలుగురు పిల్లలు. ఇంతలో తనకు బ్లడ్ క్యాన్సర్ అని తెలుస్తుంది. ఇక ప్రాణం ఉండగానే పిల్లలకు ఇళ్లు వెతకాలి. దీనికి ప్రేరణ 1983 నాటి ఒక అమెరికన్ టీవీ సినిమా. అయోవాలో పదిమంది పిల్లల తల్లి లూసిల్ ఫ్రే నిజజీవితం అది. అక్కడ భర్త బతికే ఉంటాడు, పిల్లల్ని సాకే స్థితిలో ఉండడు, అంతే. మలయాళంలో రచయిత డెన్నిస్ జోసెఫ్ ఆ భర్తను లేకుండా చేశాడు. దాంతో కథ బరువంతా తల్లి ఒక్కదాని మీదే పడింది. తండ్రి ఉన్నాడుగా అనడానికి ఎవరికీ వీల్లేదు.

నా ఓటు ‘ఆకాశదూత్’కే. అందులో భార్యాభర్తలు ఆనీ, జానీ ఇద్దరూ అనాథాశ్రమంలో పెరిగినవాళ్లు. అక్కడి బతుకు ఎలా ఉంటుందో ఆనీకి తెలుసు. అందుకే ఒక్కొక్కరికీ ఒక ఇల్లు, ఒక అమ్మానాన్న కావాలని పట్టుబడుతుంది. ఆ పట్టుదలకు అంత బలమైన కారణం ఉంది కాబట్టే పిల్లల్ని పంపించే ఘట్టాలు నమ్మబుద్ధేస్తాయి. అవిటి కొడుకును మాత్రం తీసుకెళ్లడానికి ఎవరూ ముందుకు రారు. దర్శకుడు సిబి మలయిల్ అక్కడ గొంతు పెంచడు. తాగుడున్నా ప్రేమ తగ్గని భర్తగా మురళి కూడా గుర్తుండిపోతాడు. కాకపోతే భర్తను చంపే పాలవాడి పగ దగ్గర నాకు కాస్త విసుగొచ్చింది. ఇన్ని కష్టాలూ ఒక్క ఇంటి మీదేనా!

అమ్మ ఒప్పుకోదు. “అర్థం కాని భాషలో ఏడిస్తే అది ఏడుపేనా?” అంటుంది. సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదమ్మా అంటే, “కళ్లలో నీళ్లుంటే అక్షరాలెలా కనిపిస్తాయిరా?” అని ఎదురు ప్రశ్న. దీనికి నా దగ్గర జవాబు లేదు.

పాటల దగ్గరికొస్తే నేనే ఓడిపోతాను. మలయాళంలో ఓఎన్‌వీ కురుప్ రాసి, ఔసేప్పచ్చన్ బాణీ కట్టిన పాట బాగుంటుంది, కాదనను. కానీ కె.అజయ్ కుమార్ తీసిన తెలుగు సినిమాకు కీరవాణి, వేటూరి దొరికారు. పోయిన భర్తను తోటమాలి అన్నారు వేటూరి. ఆ ఒక్క మాటతో ఆమె పువ్వైపోయింది, తోట దిక్కులేనిదైంది. సన్నివేశం పది నిమిషాల్లో చెప్పేది పాట ఒక్క పల్లవిలో చెప్పేస్తుంది. నాజర్ ఎంత బాగా చేసినా, ఈ సినిమా అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది ఆ పాటే.

జాతీయ అవార్డుల కమిటీ కూడా మా ఇంట్లోలాగే చీలినట్టుంది. ఆ ఏడాది ‘ఆకాశదూత్’కు కుటుంబ సంక్షేమ చిత్రంగా అవార్డు ఇచ్చి (కుటుంబం చెల్లాచెదురయ్యే కథకు!), ఉత్తమ గీత రచయిత అవార్డు వేటూరికిచ్చారు. తెలుగులో ఆయనకు ముందు అది అందుకున్నది శ్రీశ్రీ ఒక్కరే.

మొదటిసారి చూసేవాళ్లు మలయాళంతో మొదలుపెట్టండి. తెలుగు పాటలు ఆ తర్వాత విడిగా వినండి, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు. మా అమ్మ మాత్రం నిన్న తేల్చి చెప్పేసింది: “ఈసారి తెలుగుదే పెట్టు. చిక్కుళ్లు వద్దులే, ఉల్లిపాయలు తరుగుతాను.”